తలుపు వేస్తే పోయే సిగ్నల్

మొన్న రాత్రి కొత్తగా చేరిన కుర్రాడొకడు అడిగాడు. "అన్నా, శాటిలైట్ ఫోన్ చేతిలో ఉండగా బండి టాప్ మీద ఈ యాంటెన్నా ఎందుకు? అద్దం దించి, ఫోన్ బయటికి పెట్టి మాట్లాడితే సరిపోదా?"

నేను జవాబు చెప్పకుండా వాణ్ణి బండి దగ్గరికి తీసుకెళ్ళాను. డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, తలుపులన్నీ వేసి, ఫోన్ యాంటెన్నా పైకి లాగి నిటారుగా పట్టుకోమన్నాను. నెట్‌వర్క్ కోసం వెతుకుతున్నానని చెప్పడమే తప్ప తెర మీద ఇంకేమీ మారలేదు. అద్దం దించి మోచేతి దాకా బయట పెట్టమన్నాను. రెండు గీతలు వచ్చాయి, పోయాయి, మళ్ళీ ఒకటి వచ్చింది. "ఇప్పుడు చెయ్యి అలాగే ఉంచి, ఇంకో చేత్తో స్టీరింగ్ తిప్పుతూ, మనం ఎక్కడున్నామో అక్షాంశం రేఖాంశం చదివి వినిపించు. బయట ఇసుక గాలి వీస్తోందనుకో" అన్నాను. వాడికి ఇక చెప్పక్కర్లేకపోయింది.

నేను పదమూడేళ్ళుగా సర్వే బృందాల బండ్లకి రేడియోలు, ఫోన్లు బిగించే పనిలో ఉన్నాను. మొబైల్ టవర్ అన్నది లేని చోట్లే మా పని. పొద్దున్నే ఇద్దరో ముగ్గురో ఎక్కి వెళ్ళిపోతారు, రెండు గంటలకోసారి క్యాంపుకి ఫోన్ చేసి ఎక్కడున్నారో చెప్పాలి. ఆ ఫోన్ రాకపోతే ఇంకో బండి వెతుక్కుంటూ బయల్దేరాలి. అందుకే టాప్ మీద పెట్టే, అరచేతిలో పట్టే ఈ నల్ల బిళ్ళ యాంటెన్నా అంటే నాకు చాలా పట్టింపు. దీన్ని ఫోన్‌తో పాటు వచ్చే చిన్న తోకలా చూసేవాళ్ళని చూస్తే బాధ వేస్తుంది. చాలామంది పెట్టెలోంచి తీసి, టాప్ మీద టక్కున అంటించి, కేబుల్ ఎక్కడ సందు కనిపిస్తే అక్కడ్నించి లోపలికి లాగి, పని అయిపోయిందనుకుంటారు. అసలు పని అప్పుడే మొదలవుతుంది.

ముందు పైన ఏం జరుగుతోందో చెప్పాలి. మేం ఎక్కువగా వాడేది ఇరిడియం అనే శాటిలైట్ ఫోన్ నెట్‌వర్క్. భూమికి దాదాపు 780 కిలోమీటర్ల ఎత్తులో, ధ్రువాల మీదుగా తిరిగే 66 ఉపగ్రహాలు. ఆరు కక్ష్యలు, ఒక్కో దాంట్లో పదకొండు. మొదట 77 ఉపగ్రహాలతో గీసుకున్న పథకం కాబట్టి పరమాణు సంఖ్య 77 ఉన్న ఇరిడియం లోహం పేరు పెట్టారు, తర్వాత లెక్క 66కి తగ్గినా పేరు మార్చలేదు. 1998 నవంబరులో సేవ మొదలైంది, 1999 ఆగస్టులో కంపెనీ దివాలా తీసింది, చేతులు మారి మళ్ళీ నిలబడింది. 2017 నుంచి 2019 జనవరి దాకా పాత ఉపగ్రహాల స్థానంలో కొత్తవి పంపారు. ఇదంతా ఇష్టంగా చదువుకున్నాను కాబట్టి చెబుతున్నాను. బండి వాడికి అసలు కావలసిన సంగతి వేరే ఉంది. ఆ ఉపగ్రహం సెకనుకి ఏడున్నర కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఒక అంచున పొడిచి, నడినెత్తి మీదుగా వెళ్ళి, రెండో అంచున దిగిపోవడానికి పది నిమిషాలు పట్టదు. మనం మాట్లాడుతుండగానే కాల్ ఒక ఉపగ్రహం నుంచి ఇంకో దానికి చేతులు మారుతుంది. అంటే యాంటెన్నాకి ఆకాశంలో ఒక మూల కనిపిస్తే చాలదు. మొత్తం బోర్లించిన గిన్నెలా నాలుగు వైపులా కనిపించాలి. కిటికీలోంచి చాపిన చేతికి సగం ఆకాశమే కనిపిస్తుంది. మిగతా సగానికి బండి టాప్ అడ్డం. ఉపగ్రహం ఆ సగంలోకి దాటగానే మాట తెగిపోతుంది.

భూమధ్యరేఖకి పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉండే భూస్థిర ఉపగ్రహాలతో పనిచేసే ఇన్మార్‌శాట్, థురాయా ఫోన్ల సంగతి వేరు. అక్కడ ఉపగ్రహం కదలదు, ఒకే దిక్కున ఉంటుంది. ఆ దిక్కున కొండ గానీ గోడ గానీ లేకపోతే మాట నిలకడగా సాగుతుంది, ఉంటే మాత్రం ఎంతసేపు కాచుకున్నా రాదు. అంత దూరం పైకి వెళ్ళి కిందికి దిగడానికి దాదాపు పావు సెకను పడుతుంది, అందుకే అవతలివాళ్ళు ఒక్క క్షణం ఆలోచించి మాట్లాడుతున్నట్టు అనిపిస్తుంది. భూమధ్యరేఖకి దూరం వెళ్ళే కొద్దీ ఆ ఉపగ్రహం ఆకాశంలో కిందికి దిగుతుంది. నేరుగా పైకి చూసే బిళ్ళ యాంటెన్నాకి అంచుల్లో బలం తక్కువ కాబట్టి, అటువంటి చోట్ల అదే బిళ్ళ నీరసంగా పనిచేస్తుంది. ధ్రువాల వైపు వెళ్ళేవాళ్ళకి ఇరిడియం అనుకూలం, దాని కక్ష్యలన్నీ అక్కడే దగ్గరపడతాయి.

ఇంకో మాట కూడా ఇక్కడే. మబ్బు పట్టిందని, వాన పడుతోందని సిగ్నల్ పోదు. ఈ ఫోన్లు వాడే, ఎల్ బ్యాండ్ అనే రేడియో తరంగాలకి వాన పెద్ద అడ్డు కాదు. చెట్టు మాత్రం అడ్డే, తడిసిన ఆకులు మరీను. నీడ కోసం చెట్టు కింద బండి ఆపి "ఫోన్ పాడైపోయింది" అని రేడియోలో చెప్పినవాళ్ళని నాలుగు గజాలు ముందుకి తీసుకోమన్న రోజులు చాలానే ఉన్నాయి.

ఇక బిళ్ళ విషయానికి. లోపల ఒక సిరామిక్ ముక్క, దాని మీద పల్చటి లోహపు పలక ఉంటాయి. అడుగున అయస్కాంతం. ఆ పలక తరంగాన్ని మెలితిప్పి పంపుతుంది, మర చుట్టు తిరిగినట్టు కుడివైపుకి తిరుగుతూ వెళ్తుంది. ఉపగ్రహం కూడా అదే తిప్పుడుతో మాట్లాడుతుంది కాబట్టి ఫోన్ ఎటు వంగినా, దారిలో అయనమండలం, అంటే వాతావరణం పైన విద్యుదావేశం ఉన్న పొర, తరంగాన్ని కాస్త మెలిపెట్టినా తేడా రాదు. మామూలు నిలువు కడ్డీ యాంటెన్నా తగిలిస్తే సగం శక్తి అక్కడే పోతుంది. రేడియో కోసం బిగించిన పాత కడ్డీకే కనెక్టర్ మార్చి పెట్టేద్దామని అడిగేవాళ్ళకి నేను చెప్పే జవాబు ఇదే. పైగా ఆ కడ్డీని కోసింది వేరే తరంగానికి. ఇరిడియం తరంగం పొడవు పద్దెనిమిదిన్నర సెంటీమీటర్లు, అంతే.

ఈ పలకకి కింద లోహం కావాలి. బిళ్ళలో దానికంటూ చిన్న అడుగు పలక ఉన్నా, బండి టాప్ రేకు తోడైతేనే అది నిజంగా పైకి చూస్తుంది. ఆ రేకునే గ్రౌండ్ ప్లేన్ అంటాం. అద్దంలా పనిచేస్తుంది, కిందికి పోయే శక్తిని పైకి తిప్పుతుంది. అందుకే నేను బండి టాప్‌ని యాంటెన్నాలో సగం అంటాను. మరమేకులతో బిగించాల్సిన పని లేకుండా నిలబెట్టడానికి అయస్కాంతం పెట్టారని చాలామంది అనుకుంటారు. అదీ నిజమే, కానీ అయస్కాంతం అంటుకునే చోటు ఇనుప రేకు అయి ఉండి తీరాలి కదా, యాంటెన్నాకి కావలసిన చోటు కూడా అదే. ఒకే అడుగు రెండు పనులు చేస్తోంది. నాలుగు తీగలు మెలి తిరిగిన కడ్డీలాంటి యాంటెన్నాలు, వాటినే క్వాడ్రిఫైలర్ హెలిక్స్ అంటారు, ఇవి మాత్రం కింద లోహం లేకపోయినా పనిచేస్తాయి. బండికి ఫైబర్ టాప్ ఉంటే నేను వాటినే అడుగుతాను.

ఎక్కడ పెట్టాలి అంటే టాప్ నడిమధ్యన. బానెట్ మీద పెడితే వెనక ఉన్న క్యాబిన్ సగం ఆకాశాన్ని మింగేస్తుంది. టాప్ అంచున పెడితే ఒక పక్క రేకు ఉండి, ఒక పక్క లేక, చూపు వాలిపోతుంది. క్యారియర్ మీద సామాన్లు, స్పేర్ టైరు, నీళ్ళ డబ్బాలు ఉంటే వాటికి దూరంగా. ఇది ఎంత చెప్పినా తప్పు జరిగే చోటు, ఎందుకంటే పొద్దున నేను పెట్టేటప్పుడు క్యారియర్ ఖాళీగా ఉంటుంది. తర్వాత వాళ్ళు ఇనుప పెట్టె ఎక్కించి, అడ్డం వచ్చిందని బిళ్ళని పక్కకి జరిపేస్తారు. ఇప్పుడు నేను టాప్ మీద పసుపు టేపుతో చతురస్రం గీసి, సామాను ఆ గీత దాటకూడదని చెబుతున్నాను. ఆ ఒక్క గీతతో మా క్యాంపులో సగం ఫిర్యాదులు ఆగాయి.

జీపీఎస్ యాంటెన్నా కూడా టాప్ మీదే ఉంటే రెంటికీ మధ్య కనీసం మీటరు దూరం ఉంచుతాను. ఇరిడియం ఫోన్ 1616 నుంచి 1626.5 మెగాహెర్ట్జ్ మధ్య మాట్లాడుతుంది, జీపీఎస్ 1575.42 దగ్గర వింటుంది. పక్క పక్క ఇళ్ళే. మనం కాల్ చేసినప్పుడు జీపీఎస్ చెవిలో అరిచినట్టవుతుంది, మ్యాప్ మీద బండి బొమ్మ ఎటో గెంతుతుంది.

జీపీఎస్ మాట వచ్చింది కాబట్టి ఆ రోజు సంగతి చెప్పేస్తాను. ఇన్నేళ్ళయినా అది తలచుకుంటే నాకు నిద్ర పట్టదు.

ఒక సీజన్‌లో పాత యాంటెన్నాలు అరిగిపోయి కొత్తవి తెప్పించాం. పెట్టె మీద శాటిలైట్ యాంటెన్నా అని రాసి ఉంది. నల్ల బిళ్ళ, అయస్కాంతం, సన్న కేబుల్, చివర మరతో బిగించే చిన్న ఎస్ఎంఏ కనెక్టర్. చూడ్డానికి అచ్చం మేం వాడేదే. ఆ సాయంత్రం చీకటి పడుతుండగా మూడు బండ్లకి బిగించాను. కాల్ చేసి చూడలేదు. మర్నాడు అందులో ఒక బండి డెబ్బై కిలోమీటర్ల దూరంలో ఉండగా, ఒకతనికి ఎండదెబ్బ తగిలి వాంతులు మొదలయ్యాయి. పక్కనున్నతను ఫోన్ తీశాడు. సిగ్నల్ లేదు. బండిని అటూ ఇటూ తిప్పాడు, ఎత్తు మీదికి ఎక్కించాడు, లేదు. ఇరవై నిమిషాలు అలా గడిచాక, ఏం తోచక ఫోన్‌ని టాప్ మీది యాంటెన్నాకి కలిపే అడాప్టర్ నుంచి లాగేసి, ఇసుక గాలిలో దిగి నిలబడి, ఫోన్ సొంత యాంటెన్నాతో చేస్తే దొరికింది. మాట మూడుసార్లు తెగింది, నాలుగోసారి చోటు చెప్పగలిగాడు. వైద్యుడు వెళ్ళాడు, మనిషి కోలుకున్నాడు. ఆ ఇరవై నిమిషాలు మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

ఆ బిళ్ళలు జీపీఎస్‌వి. అదీ ఉపగ్రహానికి సంబంధించిందే కాబట్టి పెట్టె మీద రాసింది అబద్ధం అనడానికి లేదు. కానీ జీపీఎస్ యాంటెన్నా వినడానికే తప్ప మాట్లాడడానికి పుట్టింది కాదు. బిళ్ళ లోపలే చిన్న ఆంప్లిఫయర్ ఉంటుంది, దానికి కేబుల్ గుండా మూడు నుంచి అయిదు వోల్టులు అందాలి. శాటిలైట్ ఫోన్ ఆ వోల్టు ఇవ్వదు, కాబట్టి లోపలికి ఏమీ రాదు. ఇచ్చినా లాభం లేదు, ఆ ఆంప్లిఫయర్ ఒకవైపే తెరుచుకునే తలుపు. మన ఫోన్ పంపే శక్తి దాన్ని దాటి బయటికి పోలేదు, పైగా దాన్నే కాల్చేయగలదు. శాటిలైట్ ఫోన్‌కి కావలసింది ఆంప్లిఫయర్ లేని, రెండు వైపులా దారి ఉన్న పాసివ్ యాంటెన్నా.

అప్పట్నుంచి పెట్టె మీద రాసింది నేను నమ్మను. బిళ్ళ అడుగున గానీ కేబుల్ చీటీ మీద గానీ 1575.42 అని ఉన్నా, ఎన్ని వోల్టులో రాసి ఉన్నా పక్కన పెట్టేస్తాను. 1616 నుంచి 1626.5 అని ఉంటే ఇరిడియంది. థురాయా, ఇన్మార్‌శాట్ ఫోన్లు 1525 నుంచి 1559 మధ్య వింటాయి, 1626.5 నుంచి 1660.5 మధ్య పంపుతాయి. అంత వెడల్పు ఇరిడియం బిళ్ళ అందుకోలేదు. గ్లోబల్‌స్టార్ అనే ఇంకో నెట్‌వర్క్ అయితే పంపేది ఒక బ్యాండ్‌లో, వినేది ఇంకెక్కడో 2483.5 పైన. ఒక నెట్‌వర్క్ యాంటెన్నా ఇంకో దానికి పెడితే ఒక్కోసారి గీతలు కూడా కనిపిస్తాయి, అది మరీ ప్రమాదం. గీతలు మనకి వినపడుతోందని చెబుతాయి, మనం చెప్పేది పైకి చేరుతోందని చెప్పవు. కాబట్టి బిగించాక కాల్ చేసి, అవతలి మనిషి గొంతు విని, వాళ్ళకి నా గొంతు వినపడిందని వాళ్ళ నోట అనిపించుకున్నాకే నిచ్చెన దిగుతాను.

ఇప్పుడు కేబుల్. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో జనం తక్కువ పట్టించుకునేది, ఎక్కువ నష్టం చేసేది ఇదే.

ఈ తరంగాలకి కేబుల్ అంటే చిల్లుల గొట్టం. ఎంత పొడవు వెళ్తే అంత కారిపోతుంది. ఆర్జీ-174 అనే సన్న కేబుల్‌లో మీటరుకి ఒక డెసిబెల్ పైనే పోతుంది. కాస్త లావున్న ఆర్జీ-58లో 0.8 అటూ ఇటూ. అంతే లావుండే ఎల్ఎంఆర్-195లో దాదాపు సగం డెసిబెల్. మూడు డెసిబెల్స్ పోయాయంటే శక్తి సగమైనట్టు, ఆరు పోయాయంటే పావు వంతు. ఇరిడియం పరికరాలకి యాంటెన్నా దాకా మొత్తం నష్టం మూడు డెసిబెల్స్ దాటకూడదని చెబుతారు, కనెక్టర్లు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. అందుకే మంచి బిళ్ళలకి ఒకటిన్నర మీటరు కేబుల్ మాత్రమే ఇస్తారు. అది చూసి "ఇంత పొట్టిదా" అని సన్న ఎక్స్‌టెన్షన్ అయిదు మీటర్లు కలిపినవాళ్ళని చూశాను. ఉపగ్రహం దగ్గర్నించి అన్ని వందల కిలోమీటర్లు వచ్చిన సిగ్నల్‌ని ఆఖరి అయిదు మీటర్లలో ముప్పావు వంతు పోగొట్టుకోవడం అది. మాట వెళ్ళేటప్పుడు కూడా అంతే పోతుంది. ఫోన్ దాని శక్తిని ఒక హద్దు దాటి పెంచలేదు.

పొడవు తప్పకపోతే లావు కేబుల్ కొనాలి. ఎల్ఎంఆర్-400 మీటరుకి 0.2 డెసిబెల్ కూడా తినదు, కానీ వేలంత లావు, తలుపు సందులో దూరదు, అయస్కాంతం బిళ్ళని అదే లాగి కిందపడేస్తుంది. కాబట్టి చివరికి బండిలో ఫోన్ ఉండే చోటే మార్చాలి. డ్యాష్‌బోర్డు మీద కాక, రెండు సీట్ల మధ్య పైకప్పుకి దగ్గరగా ఫోన్ స్టాండ్ పెట్టాను. ఒకటిన్నర మీటరు చాలింది.

తలుపు సంగతి ఇప్పుడు చెప్పాలి.

ఒక బండి డ్రైవర్, పెద్దాయన, వచ్చి "బాబూ, తలుపు వేస్తే సిగ్నల్ పోతోంది, తీస్తే వస్తోంది" అన్నాడు. తలుపు తీస్తే ఫోన్‌కి ఆకాశం కనిపించి ఉంటుందిలే అనుకున్నాను. కానీ ఫోన్ అడాప్టర్‌లో ఉంది, టాప్ మీద యాంటెన్నాతో పనిచేస్తోంది, తలుపుతో దానికేం పని? ఆయన మాట పక్కన పెట్టి ఫోన్ మార్చాను. అడాప్టర్ మార్చాను. సిమ్ తీసి తుడిచి పెట్టాను. మధ్యాహ్నం దాటింది. చివరికి ఆయనే తలుపు దగ్గర నిలబడి, మెల్లగా వేస్తూ, తీస్తూ, "చూడు బాబూ, ఇక్కడి దాకా వేస్తే ఉంది. ఈ ఆఖరి బెత్తెడు వేస్తే పోయింది" అని చూపించాడు.

అప్పుడు వంగి చూశాను. కేబుల్ తలుపు పైమూల నుంచి లోపలికి వచ్చేది. అక్కడ బీడింగ్ రబ్బరు అరిగి, లోపలి ఇనుప అంచు బయటపడింది. తలుపు వేసిన ప్రతిసారీ ఆ అంచు కేబుల్ మీద ఒకే చోట పడుతోంది. గుండ్రంగా ఉండాల్సిన కేబుల్ అక్కడ రిబ్బన్‌లా బల్లపరుపుగా అయిపోయింది, వేలితో తడిమితే గోరంత మేర గుంట తెలుస్తోంది. బయటి తొడుగు చిరగలేదు, అందుకే ఎవరి కంటా పడలేదు. నిరోధం కొలవడానికి ఫోన్ వైపు కనెక్టర్‌కి మల్టీమీటర్ పెట్టాను, ఒక ముల్లు నడిమి సూదికి, ఒకటి చుట్టూ ఉన్న పెంకుకి. తలుపు తీసి ఉంటే మీటరులో కదలిక లేదు. ఆయన్ని వేయమన్నాను. సున్నాకి పడిపోయింది. నడిమి తీగ మెత్తటి నురుగు లోంచి పక్కకి జరిగి, ఒత్తిడి పడినప్పుడల్లా చుట్టూ అల్లిన జల్లెడ తీగకి తగులుతోంది. తలుపు ఒక స్విచ్ అయి కూర్చుంది.

ఈ మీటరు పరీక్ష అన్నిటికీ పనికిరాదని కూడా చెప్పాలి. కొన్ని యాంటెన్నాలు తయారీలోనే నడిమి తీగని, పెంకుని లోపల కలిపేస్తారు, అవి ఎప్పుడూ సున్నానే చూపిస్తాయి. కొత్తగా ఉన్నప్పుడు ఎంత చూపించిందో రాసి పెట్టుకుంటే తర్వాత మార్పు తెలుస్తుంది. నేను ఇప్పుడు కేబుల్ చివర చిన్న చీటీ కట్టి దాని మీదే రాస్తున్నాను.

షార్ట్ అయ్యేదాకా ఆగక్కర్లేదు, నలిగినా చాలు నష్టమే. ఈ కేబుల్ తరంగానికి చూపే నిరోధం 50 ఓములు. ఆ 50 అన్నది నడిమి తీగకీ చుట్టూ ఉన్న జల్లెడకీ మధ్య దూరాన్ని బట్టి వస్తుంది. ఒక్కచోట ఆ దూరం తగ్గితే, పారే నీళ్ళకి రాయి అడ్డం పడ్డట్టు, కొంత శక్తి అక్కణ్ణించి వెనక్కి తిరుగుతుంది. కేబుల్‌ని మడిచి ముడి వేసినా అదే గతి. చుట్టి పెట్టేటప్పుడు నా పిడికిలి కంటే చిన్న చుట్ట చుట్టనివ్వను.

అందుకే ఇప్పుడు కేబుల్‌ని వెనక తలుపు అంచు నుంచి తెస్తాను. అక్కడ రబ్బరు లావుగా, మెత్తగా ఉంటుంది, ఆ తలుపు తక్కువసార్లు తెరుచుకుంటుంది. కేబుల్ పొడవు చాలకపోతే వెనక తలుపు కీలు వైపు. లోపలికి వచ్చే ముందు కేబుల్‌ని కొంచెం కిందికి వేలాడదీసి మళ్ళీ పైకి తెస్తాను, వాన నీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోతాయి, కేబుల్ పట్టుకుని సీట్లోకి రావు. కనెక్టర్ బయట ఉండాల్సి వస్తే దానంతట అదే అతుక్కుపోయే రబ్బరు టేపు సాగదీసి చుడతాను.

ఆ పెద్దాయన మాట మొదటే విని ఉంటే ఒక పూట మిగిలేది. బండిలో రోజంతా కూర్చునే మనిషికి అందులో ఏది ఎప్పుడు మారిందో నాకంటే బాగా తెలుస్తుంది. ఇప్పుడు డ్రైవర్లు ఏం చెప్పినా, అది ఎంత వింతగా ఉన్నా, ముందు వాళ్ళు చెప్పినట్టే చేసి చూస్తాను.

అడాప్టర్ గురించి ఒక్క ముక్క. చాలా ఫోన్లలో బయటి యాంటెన్నా తగిలించగానే ఫోన్ తన సొంత యాంటెన్నాని వదిలేస్తుంది. బండి బోల్తా పడింది, మంట అంటుకుంది అని ఫోన్ పట్టుకుని పరిగెత్తేటప్పుడు ఆ అడాప్టర్ ఫోన్‌కే వేలాడుతూ వస్తే, చేతిలో ఉన్నది మూగ ఫోన్. లాగి పారెయ్యాలి. మేం నెలకోసారి చేసే కసరత్తులో ఇది తప్పక చేయిస్తాను. కళ్ళు మూసుకుని ఫోన్‌ని స్టాండ్ నుంచి తీసి, అడాప్టర్ ఊడదీసి, సొంత యాంటెన్నా పైకి లాగాలి. వేళ్ళకి అలవాటు కావాలి.

అయస్కాంతం ఇనుముకి మాత్రమే అంటుకుంటుంది, ఇది అందరికీ తెలిసిందే. కానీ బండి టాప్ ఇనుముది కాకపోవచ్చని తోచదు. పాత ల్యాండ్ రోవర్ల పై పలకలు అల్యూమినియంవి, 2015 మోడల్ నుంచి ఫోర్డ్ ఎఫ్-150 బాడీ కూడా అల్యూమినియందే. అద్దపు టాప్ ఉన్నవి సరేసరి. అల్యూమినియం గ్రౌండ్ ప్లేన్‌గా చక్కగా పనిచేస్తుంది, బిళ్ళ నిలబడదు, అంతే. దానికి నేను పల్చటి ఇనుప రేకు గుండ్రంగా కోయించి, అంచులు అరగదీసి, తుప్పు పట్టకుండా రంగు వేసి, గట్టి రెండు వైపుల టేపుతో అంటిస్తాను. అద్దం మీద, ఫైబర్ మీద అయితే ఆ రేకే గ్రౌండ్ ప్లేన్ కూడా కావాలి, కాబట్టి అడ్డంగా కొలిస్తే పది సెంటీమీటర్లకి తక్కువ కాకుండా కోయిస్తాను.

మా దగ్గర ఇసుకలో ఇనుప రజను ఉంటుంది. బిళ్ళని ఒక్కసారి నేల మీద పెడితే అడుగున గడ్డంలా మొలుస్తుంది. అలాగే టాప్ మీద అంటిస్తే, బండి అదిరే ప్రతి కుదుపుకీ ఆ రజను పెయింట్‌ని గీరుతుంది. కొన్నాళ్ళకి గుండ్రంగా తుప్పు మచ్చ. గుడ్డతో తుడిస్తే ఈ రజను పోదు, అటు నుంచి ఇటు జరుగుతుందంతే. జిగురు టేపు అద్ది అద్ది తీయాలి, లేకపోతే తడి మట్టి ముద్ద పెట్టి లాగాలి. టాప్‌ని కూడా తుడిచి, బిళ్ళ ఒక అంచు ముందు ఆనించి, మెల్లగా వాల్చి దించాలి. తీసేటప్పుడు బిళ్ళ అంచు కింద వేలు పెట్టి వంచి ఎత్తాలి, కేబుల్ పట్టుకుని లాగితే కేబుల్ మొదట్లోనే తెగుతుంది. పక్కకి ఈడ్చినా పెయింట్ పోతుంది.

ఎండ గురించి కూడా నాకు పట్టింపే. నల్ల రంగు టాప్ మధ్యాహ్నం 70 డిగ్రీలు దాటుతుంది. చిన్న బిళ్ళల్లో ఉండే నియోడిమియం అయస్కాంతాల్లో మామూలు రకానికి 80 డిగ్రీలు హద్దు, ఆ పైన వేడెక్కితే పట్టు తగ్గుతుంది, చల్లారినా మొత్తం తిరిగి రాదు. అందుకే సీజన్ మొదట్లో ఒక్కో బిళ్ళనీ ఇనుప పలక మీద పెట్టి, చేపలు తూచే కొక్కెం తక్కెడతో పైకి లాగి, ఎంత బరువు దగ్గర ఊడిందో చూస్తాను. కిందటిసారి కంటే బాగా తగ్గితే దాన్ని ఆగి ఉండే బండ్లకి మాత్రమే ఇస్తాను.

బయటి దేశాలకి వెళ్ళేవాళ్ళు ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఇండియాతో సహా కొన్ని దేశాల్లో అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ దగ్గర పెట్టుకోవడమే నేరం. యాంటెన్నా గురించి ఆలోచించే ముందు ఆ కాగితాలు చూసుకోవాలి.

వచ్చే నెల మాకు నాలుగు కొత్త బండ్లు వస్తున్నాయి. టాప్ అల్యూమినియం అన్నారు, ముందు అద్దానికి వేడి ఆపే లోహపు పూత ఉందన్నారు, అంటే లోపల నుంచి సిగ్నల్ ఆశ అసలే లేదు. పన్నెండు సెంటీమీటర్ల రేకులు నాలుగు కోయించి రంగు వేసి ఆరబెట్టాను. బీడింగ్ ఎక్కడ మెత్తగా ఉందో బండి చూస్తే గానీ తెలీదు. ఆ కుర్రాణ్ణి మొదటి రోజే రమ్మన్నాను, పెద్దాయన్ని కూడా.